అద్దాల బీరువా గారికి ఒక మహాలఘు విన్నపం

గౌరవనీయులైన అద్దాల బీరువా గారికి,

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటి ముందుగదిలో 30 ఏళ్లుగా కొలువై ఉన్న తమరికి, తమరి తాళంచెవిని మొలతాడుకు కట్టుకొని తిరిగే సేవకుడు నమస్కరించి వ్రాయునది. బొమ్మల పుస్తకాలను పిల్లల బారి నుంచి కాపాడటంలో తమరికి సాటి లేరు.

చిత్తూరు నుంచి సెలవులకు వచ్చిన మా నాలుగేళ్ల మనవరాలు తమరి అద్దానికి ముక్కు ఆనించినప్పుడల్లా, "జరుగమ్మా, మరకలు పడతాయి" అని నేనే పక్కకు తప్పించేవాణ్ని. కొండమీద మహాలఘు దర్శనంలోనైనా స్వామి క్షణకాలం కనబడతాడు. తమరి సన్నిధిలో పుస్తకాల వెన్నులు తప్ప మరేమీ కానరావు.

పై అరలో చందమామ సంపుటాలున్నాయి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక మా చిన్నతనంలో వీధికంతటికీ ఒక్కటే వచ్చేది. శంకర్ గీసిన విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని నాలుగిళ్లు తిరిగి, అట్ట ఊడి, చారు మరకలతో మా ఇల్లు చేరేవాడు. ఆ చిరిగిన బొమ్మలన్నీ నాకు గుర్తే. తమరు భద్రపరిచిన సంపుటాలను మాత్రం, నిజం చెప్పాలంటే, నేనే విప్పి చూడలేదు.

అమెరికా పిల్లల రచయిత ఎరిక్ కార్ల్ రాసిన గొంగళిపురుగు పుస్తకం సంగతి మరీ విడ్డూరం. 1969లో వెలువడిన ఆ పుస్తకంలో పురుగు రోజుకో రకం పండ్లు తిన్నచోట నిజంగానే చిల్లులు ఉంటాయి; పిల్లల వేళ్లు నేరుగా వాటిలోకే పోతాయి. దానిని మనవరాలి తల్లి కోసం మద్రాసులో కొని, ఆ తల్లికీ అందనివ్వకుండా, చిల్లులతోనే అమ్మిన పుస్తకానికి చిల్లు పడుతుందేమోనని మనమిద్దరం కాపలా కాశాం.

నిన్న పిల్ల పోరు పడలేక తాళం తీశాను. సోమవారం ఒక ఆపిల్ వరకు నా చదువు సజావుగా సాగింది. మంగళవారపు రెండు బేరిపండ్లను చూసి అవి తోతాపురి మామిడికాయలని ఆమె తీర్మానించింది. చిత్తూరు పిల్లతో మామిడికాయల విషయంలో వాదించి గెలవడం ఎవరి తరం? శుక్రవారపు ఐదు నారింజలు వచ్చేసరికి చదివేది ఆమె, వినేది నేను.

చివరి పుటల్లో అచ్చువారు చేయని సన్నని చిల్లులు కొన్ని కనిపించాయి. తమరి వెనుక పలకలో చెదలు ఎంతకాలంగా కాపురముంటున్నాయో తమరు ఒక్కనాడూ నాకు విన్నవించలేదు. మనవరాలు వాటిలోనూ వేలు పెట్టబోయి, అది దూరక, "ఇది ఇంకా చిన్న పురుగు తిన్నదా తాతా?" అని అడిగింది.

అవునన్నాను. తాళంచెవి ఇప్పుడు ఆమె లక్కపిడతల బుట్టలో ఉంది. కావలసివస్తే ఆమెనే అడగగలరు.

ఇట్లు,
తమరి మాజీ ద్వారపాలకుడు