ఏ దిక్కు చదవాలె సార్?

మహారాజశ్రీ రెండు భాషల పాఠ్యపుస్తకం గారికి,

నర్సంపేట దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 2025లో పదో తరగతి గట్టెక్కిన బ్యాచ్ నమస్కరించి రాయునది. మేమందరం క్షేమం. తమరు ఎవరింటి అటక మీద ఉన్నారో, ఏ పాత పేపర్ల బండెక్కారో తెలియదు. ఎక్కడున్నా క్షేమమని తలుస్తాం.

మమ్మల్ని గుర్తుపట్టారా? 2022 జూన్‌లో తమరు మొదటిసారి వేంచేసినప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్నది మేమే. ఆ ఏడు తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం అన్నారు. ఏప్రిల్‌లో తెలుగు మీడియం పిల్లలుగా ఇంటికి పోయి, ఎండాకాలమంతా మామిడికాయలు తిని, జూన్‌లో ఇంగ్లీషు మీడియం పిల్లలుగా తిరిగొచ్చాం. మధ్యలో ఏం జరిగిందో మాకూ తెలియదు.

నిజానికి అప్పటిదాకా చదివిన తెలుగు కూడా అంతంతమాత్రమే. కరోనా పుణ్యమా అని మా ఆరో తరగతి టీవీలో అయిపోయింది. యాదగిరి చానల్లో పాఠం వచ్చే టైముకే మా నానమ్మకు సీరియల్ గుర్తొచ్చేది. 2021 ఫిబ్రవరి 24న బడి తెరిచారు, మార్చి 24 నుంచి మళ్లీ మూశారు. ఆ నెల రోజుల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న పంచాయితీ కూడా తెగలేదు. పరీక్ష లేకుండానే అందరం పాస్. అలాంటి వాళ్ల చేతికి తమరు వచ్చారు.

ఇక తమరు, గిమరు చాలు. మూడేళ్లు వీపు మీద మోసిన పుస్తకాన్ని నువ్వు అనకపోతే నాకే ఎబ్బెట్టుగా ఉంది.

నిన్ను తెరిచిన మొదటి రోజు ఇంకా గుర్తుంది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "ఏ దిక్కు చదవాలె సార్?" అని అడిగాడు. సార్ అద్దాలు తీసి తుడుచుకుని, "సమజ్ గావాల్నంటే ఈ దిక్కు, రాయాల్నంటే ఆ దిక్కు" అన్నారు. తర్వాత ట్రైనింగులనీ, మీటింగులనీ ఎంతమంది వచ్చిపోయినా అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

నీ బరువు సంగతి కూడా చెప్పాలి. ఒకే పాఠం రెండుసార్లు అచ్చేస్తే ఏమవుతుంది? లావవుతుంది. లావైందని రెండు భాగాలు చేశారు. ఏ రోజు ఏ భాగం తేవాలో తెలియక మేం రెండూ మోశాం. తొమ్మిదో తరగతిలో ఉండగా, 2024 ఫిబ్రవరి మేడారం జాతరకు మా పెద్దమ్మ కొడుకు పేరున నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూచి ఇచ్చారు. వాణ్ణి స్కూలు బ్యాగుతో తక్కెడ ఎక్కించి ఉంటే మా పెద్దనాయన ఆ ఏడు మిర్చి డబ్బులు మొత్తం అమ్మవార్లకే సమర్పించుకునేవాడు.

బొమ్మలు కూడా రెండేసి. బయాలజీలో రక్త ప్రసరణ పాఠానికి ఎడమన ఒక గుండె, కుడిన ఒక గుండె. ఒక గుండెకు మీసాలు పెట్టినా చదువుకోవడానికి ఇంకోటి మిగిలేది. ఈ ఒక్క సౌకర్యానికి మా బ్యాచ్ నీకు రుణపడి ఉంటుంది. లెక్కల్లో మాత్రం నీ ఆర్భాటం నాకు అర్థం కాలేదు. ఎక్స్ ఆ దిక్కూ ఎక్సే, ఈ దిక్కూ ఎక్సే. రానివాడికి రెండు దిక్కులా రాలేదు.

ఇంట్లో నువ్వు బాగా పనికొచ్చావు, అబద్ధం చెప్పను. మా బాపు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకుపోయినప్పుడల్లా తోటి రైతులతో "మా బిడ్డ ఇంగ్లీషు మీడియం" అని చెప్పుకునేవాడు. పొద్దున టై కట్టుకుని వ్యాన్ ఎక్కే పిల్లల్ని చూసి ఎన్నేళ్లు మనసు కష్టపెట్టుకున్నాడో నాకు తెలుసు. అందుకే చుట్టాలొస్తే నేను ఇంగ్లీషు పేజీ పైకి కనబడేలా మడిచి పట్టుకునేదాన్ని. వాళ్లు పోయాక తిప్పేదాన్ని.

నీ ఇంగ్లీషు పేజీతో మాకు మొదటి గొడవ చెరువు దగ్గర వచ్చింది. సోషల్‌లో కాకతీయులు ట్యాంకులు కట్టించారని చదివాం. మాకు తెలిసిన ట్యాంకు ఇంటి మీద ఉండే నల్ల ప్లాస్టిక్‌ది. రాజులు అంత కష్టపడి మిద్దెల మీద ట్యాంకులు పెట్టించడమేంటి అనుకుంటూ ఎదుటి పేజీ చూస్తే, చెరువులట! గణపతిదేవుని కాలంలో కట్టిన పాకాల చెరువు నీళ్లతో పండిన అన్నం తిని బడికొచ్చిన వాళ్లం. మా చెరువును మేమే గుర్తుపట్టలేకపోయాం.

అలాగని తెలుగు పేజీ మా ఇంటి మనిషి అనుకునేవు. 'వక్రతలాల వద్ద కాంతి వక్రీభవనం.' ఇది మా ఫిజిక్స్ పాఠం పేరు. నర్సంపేట బస్టాండులో నిలబడి ఈ మాట గట్టిగా అంటే జనం ఏదో మంత్రమనుకుని దూరం జరుగుతారు. అవతల లెన్స్, ఇవతల కటకం. అవతల కాన్వెక్స్, ఇవతల కుంభాకారం. మేం రెండింటి మధ్య నోరు తెరుచుకుని కూర్చున్నాం. సార్ మా మొహాలు చూసి, బయటికి పోయి వరండాలో నీళ్లు తాగే కుండను రెండు చేతులా ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టారు.

"కుంభమంటే ఏందిరా? కుండ గదా! బయటి దిక్కు చెయ్యి పెట్టు. ఉబ్బుంటది. గదే కుంభాకారం."

"మరి పుటాకారం సార్?"

"లోపల చెయ్యి పెట్టు."

పెట్టినవాడు మోచేతి దాకా తడిసిపోయాడు. ఆ రోజంతా క్లాసులో అందరూ ఒకరి పొట్ట ఒకరు తడిమి "కుంభాకారం" అనుకోవడమే. పదో తరగతి పరీక్షలో ఆ ప్రశ్న వస్తే బాగుండునని ఎంత కోరుకున్నామో! ఆ కుండ నీ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

పరీక్షల విషయానికొస్తే నీ గుట్టు అక్కడ బయటపడింది. చదివింది తెలుగు పేజీ, రాయాల్సింది ఇంగ్లీషు పేజీ. ఒక ఎఫ్.ఏ.లో, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలో, మావాడొకడు జవాబు మొత్తం ఇంగ్లీషులోనే రాశాడు, తెలుగు అక్షరాలతో. "ఫోటోసింథసిస్ ఈజ్ ఎ ప్రాసెస్" అని చక్కగా గుండ్రటి దస్తూరీ. సార్ చాలాసేపు చూసి సగం మార్కులేశారు. ఆ సగం ఏ భాషకో చెప్పలేదు. చూడకుండా మేం రాయగలిగిన ఇంగ్లీషు ఒక్క లీవ్ లెటరే: "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్." అక్క పెళ్లికైనా, పత్తి ఏరడానికైనా అదే రాశాం. మా హాజరు పట్టీ చూసినవాళ్లు ఊరంతా విషజ్వరాలనుకోవాలి.

నీ దాయాది సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 2024 జూన్‌లో తెలుగు వాచకాలు పంచీ పంచగానే వెనక్కి తీసుకున్నారు. ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరు అలాగే ఉండిపోయిందట. తర్వాత ఆ పేజీలు అంటించి ఇచ్చారు. మేం జన్మలో ముందుమాట చదివిన వాళ్లం కాదు. అంటించారు కాబట్టి గోరుతో మెల్లగా ఊడదీసి, వెలుతురుకు ఎత్తిపట్టి, అక్షరం పొల్లుపోకుండా చదివాం. పాఠాలన్నీ కూడా అలాగే అంటించి ఇచ్చి ఉంటే స్టేట్ ర్యాంకులు వచ్చేవేమో.

ఇప్పుడు నేను హనుమకొండలో ఇంటర్ బైపీసీలో చేరాను. మొదటి రోజు బాటనీ పుస్తకం తెరిచి ఒక పేజీ ఇంగ్లీషు చదివాను. సగం అర్థమైంది. అలవాటు కొద్దీ ఎదుటి పేజీకి చూపు తిప్పాను. అక్కడ ఆ పాఠమే ముందుకు పోతోంది, ఇంగ్లీషులోనే.

నిన్ను పాత పేపర్లకు వేయలేదు. తమ్ముడు వచ్చే ఏడు పదో తరగతి. వాడికి బళ్లో కొత్తది ఇస్తారు, అయినా నా ఫిజిక్స్ పుస్తకమే కావాలని దాచుకున్నాడు. లెన్సుల పాఠం దగ్గర రెండు పేజీలకూ నడుమ, కుట్టు పక్కన ఉన్న ఇరుకు జాగాలో పెన్సిల్‌తో "కుండ బయటి దిక్కు" అని రాసుకున్నాను. వాడు రబ్బరు పెట్టి చెరిపితే నాకు చెప్పు.

ఇట్లు,
నిన్ను ఒక దిక్కు చదివి, ఇంకో దిక్కు రాసిన
2024-25 పదో తరగతి