పెళ్లయితే అమ్మాయి స్కాలర్‌షిప్‌కి భర్త జీతం లెక్కా?

పెళ్లయిన అమ్మాయి స్కాలర్‌షిప్‌కి పెట్టుకుంటే ఎవరి ఆదాయం చూడాలి? పుట్టింటిదా, అత్తింటిదా? డిగ్రీ, బీఈడీ, నర్సింగ్ చదివే అమ్మాయిల్లో పెళ్లయినవాళ్లు ఎంతమంది ఉంటారో ఏ కాలేజీకి వెళ్లినా తెలుస్తుంది. అందుకే ఇది నాకు చిన్న విషయంలా అనిపించదు.

ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ (పదో తరగతి తర్వాతి చదువులకు) స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఏళ్ల తరబడి ఒక మాట సాగుతూ వచ్చింది. ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. అమ్మానాన్నల్లో ఒక్కరున్నా వాళ్ల ఆదాయమే లెక్క, ఇంట్లో ఇంకెవరు సంపాదించినా చూడరు. ఇంతవరకు న్యాయమే. కానీ ఉద్యోగం లేని పెళ్లయిన అమ్మాయి అయితే భర్త ఆదాయం చూడాలి. పెళ్లయిన అబ్బాయి గురించి ఒక్క ముక్క లేదు. భార్య ఎంత సంపాదించినా అతనికి నాన్న ఆదాయమే.

లెక్క వేసి చూడండి. నాన్న కూలీ. అమ్మాయి డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా సంబంధం కుదిరింది. అల్లుడికి హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, నెలకు 22 వేలు. ఏడాదికి 2.64 లక్షలు, పరిమితి దాటిపోయింది. గది అద్దె, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది, పెళ్లి అప్పు మీద వడ్డీ పోగా ఆ జీతంలో భార్య ఫీజుకి ఏం మిగులుతుంది? పెళ్లిచూపుల్లో ‘మేం చదివిస్తాం’ అన్న మాట నిలబడని ఇళ్లు కోకొల్లలు. చివరికి ఫీజు కట్టేది ఆ కూలీ నాన్నే.

మొన్న మీసేవలో నా ముందు ఒక అమ్మాయి నిలబడింది. మెడలో పసుపుతాడు ఇంకా కొత్తది, ఆధార్‌లో నాన్న పేరే ఉంది. ‘మీ ఆయన జీతం కాగితం తేవాలమ్మా’ అన్నాడు ఆపరేటర్. ‘అది అడిగితే ఇంట్లో గొడవవుతుందండీ’ అందా పిల్ల నెమ్మదిగా. నాకు కడుపు తరుక్కుపోయింది. ఒక్క కాగితంతో ఆ అమ్మాయి చదువు అత్తింటి దయ మీదకి వెళ్లిపోయింది. వాళ్లు ఇవ్వకపోతే ఆమె ఎవరిని అడగాలి?

పోనీ అన్ని చోట్లా ఇదే పద్ధతా అంటే, కాదు. ఓబీసీల్లో రిజర్వేషన్ వర్తించని సంపన్న శ్రేణి (క్రీమీలేయర్) ఎవరో తేల్చేటప్పుడు తల్లిదండ్రుల హోదా, ఆదాయమే చూస్తారు, భర్త జీతం లెక్కలోకి రాదు. ఈడబ్ల్యూఎస్‌కి (మిగతా రిజర్వేషన్లు లేని పేదల కోటాకి) అమ్మానాన్నలతో పాటు భర్త లేదా భార్య ఆదాయం కూడా కలిపి 8 లక్షల లోపు ఉండాలి. అక్కడ కనీసం అబ్బాయికీ అమ్మాయికీ ఒకే రూలు. తెలంగాణలో కళ్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు ఇచ్చేటప్పుడు చూసేది కూడా అమ్మాయి పుట్టింటి ఆదాయమే. పెళ్లి ఖర్చుకి పుట్టింటి పేదరికం గుర్తించినప్పుడు చదువు ఖర్చుకి ఎందుకు గుర్తించరు?

డబ్బున్నవాళ్ల భార్యలు కూడా స్కాలర్‌షిప్ తీసుకుంటారు కదా అని కొందరంటారు. తీసుకోవచ్చు. అలాంటివాళ్ల కోసం మిగతా అమ్మాయిలందరి ఫీజు ఆపేస్తారా? పెళ్లి సంగతి దాచిపెట్టమని సలహా ఇచ్చేవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు. అర్హత ఉన్న పిల్ల చేత అబద్ధం ఆడించే రూలు మనకెందుకు?

కోర్సులో చేరిన రోజు ఏ ఇంటి ఆదాయంతో అర్హత వచ్చిందో, మధ్యలో పెళ్లయినా చివరి సెమిస్టర్ దాకా అదే కొనసాగించాలి. పెళ్లయ్యాక చేరే అమ్మాయికి, ఫీజు పుట్టిల్లే కడుతుంటే, నాన్న ఆదాయం చూపించుకునే అవకాశం ఇవ్వాలి. ఎమ్మెల్యేలు, విద్యార్థి సంఘాలవాళ్లు ఈ పోస్ట్ చదువుతుంటే దయచేసి దీన్ని అధికారుల దగ్గరికి తీసుకెళ్లండి.