గీజర్ మారిస్తే ధార పెరగదు

హనుమకొండ ఇంట్లో వేడినీళ్లు సన్నగా వస్తున్నాయని అమ్మ ఫోనులో చెబితే, ఇక్కడ అమెరికాలో ఉన్న మనకు తోచే మొదటి ఉపాయం కొత్త గీజర్ ఆర్డరు పెట్టడం. మర్నాటికల్లా అది ఇంటికి చేరుతుంది, ప్లంబరు బిగిస్తాడు, ధార మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. డబ్బు పంపినంత సులువుగా ఒక ప్రశ్న అడగం: చన్నీళ్లు ఎలా వస్తున్నాయి?

అవీ సన్నగానే వస్తుంటే గీజర్ జోలికి పోనక్కర్లేదు. ప్రెషర్ పంపు లేని మన ఇళ్లలో నీటికి తోపు ఇచ్చేది మేడ మీది ట్యాంకు ఎత్తు ఒక్కటే. 10 మీటర్ల ఎత్తుకు దాదాపు 1 బార్ ఒత్తిడి వస్తుంది. పై అంతస్తు షవరుకూ ట్యాంకులోని నీటిమట్టానికీ మధ్య 2 మీటర్లే తేడా ఉంటే దక్కేది 0.2 బార్. అమెరికాలో 3, 4 బార్ల ధారకు అలవాటుపడిన మనం పళ్లెమంత షవరు తీసుకెళ్లి అక్కడ బిగించి, నీళ్లు జల్లుగా పడటం లేదని విసుక్కుంటాం. ఇంటి ముందుభాగం సోకులకు లక్షలు పోసినవారు కూడా ట్యాంకు దిమ్మె దగ్గరికి వచ్చేసరికి రెండడుగులు చాలంటారు!

చన్నీళ్లు బాగా వచ్చి వేడినీళ్లే సన్నబడితే అప్పుడు గీజర్‌ను అనుమానించాలి. ముందు దాని కింది కాక్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడాలి. ఆ తర్వాత సున్నం సంగతి. ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నుంచి శుద్ధి చేసి ఇచ్చే నల్లా నీళ్లు చాలక బోరు నీళ్లు కలిపే ఇళ్లు ఎన్నో. అలాంటి నీరు వేడెక్కినప్పుడు అందులోని కాల్షియం తెల్లటి పెచ్చులుగా నీటిని వేడిచేసే కడ్డీ, అంటే ఎలిమెంటు మీద, గొట్టాల మూతుల దగ్గర పేరుకుంటుంది.

దాన్ని కడగాలంటే గీజర్ ఖాళీ చేయాలి. చన్నీళ్ల కాక్ మూసి, వేడి కుళాయి తిప్పి, ఇక చుక్క రావడం లేదు కాబట్టి ఖాళీ అయిందనుకుంటారు. కాలేదు. వేడినీటి గొట్టం మూతి లోపల పైభాగంలో ఉంటుంది. కింది నుంచి చన్నీళ్లు తోస్తేనే పైనున్న వేడినీళ్లు బయటికి వస్తాయి. తోపు ఆగితే 25 లీటర్లలో దాదాపు అన్నీ లోపలే ఉంటాయి. కరెంటు తీసేసి, నీళ్లు చల్లారనిచ్చి, గాలి లోపలికి వెళ్లేలా వేడి కుళాయి తెరిచి ఉంచి, కింది నుంచి వదలాలి. చన్నీళ్ల దారిలో సేఫ్టీ వాల్వు (ఒత్తిడి మితిమీరితే నీళ్లు వదిలేది) ఉన్నచోట దాని కింది గొట్టం విప్పితే చాలదు, అది నీటిని వెనక్కి రానివ్వదు, వాల్వునే విప్పాలి. మళ్లీ నింపాక వేడి కుళాయిలో ధార నిలకడగా వచ్చేదాకా స్విచ్ వేయకూడదు, ఖాళీ గీజర్‌లో ఎలిమెంటు కాలిపోతుంది.

ఇక నాకు నిజంగా ఒళ్లు మండే విషయం ఆ వాల్వు రంధ్రానికి ముద్ద పెట్టి మూసేయడం. 25 లీటర్ల నీరు 25 డిగ్రీల నుంచి 65కు వేడెక్కితే దాదాపు 400 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. వెనక్కి పోయే దారి లేదు కాబట్టి, ఒత్తిడి సాధారణంగా 8 బార్ల దగ్గరికి చేరేసరికి వాల్వు కొన్ని చుక్కలు వదులుతుంది. అది లీకేజీ కాదు, దాని పనే అది. కరెంటు లేనప్పుడూ కారుతుంటే వాల్వు మార్చాలి తప్ప మూయకూడదు. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ పాడై నీళ్లు మరుగుతూనే పోయిన రోజున, రంధ్రం మూసిన గీజర్ పేలే ప్రమాదముంది. మన అమెరికా ఇళ్లలో ఇలాంటి వాల్వుకు నేలదాకా గొట్టం వేసి ఉంటుంది, దాన్ని మూసేసే సాహసం సాధారణంగా ఎవరూ చేయరు.

ఈ డిసెంబరులో ఊరెళ్లినప్పుడు ఆ రంధ్రాన్ని మీరే చూడండి. ముద్ద కనిపిస్తే స్విచ్ తీసేసి, వాల్వు మార్చేదాకా వేయనివ్వకండి. "ఏమీ కాదు సార్, అన్ని ఇళ్లలోనూ ఇదే చేశాం" అని ప్లంబరు నచ్చజెబుతాడు. అయితే ఆ ఇళ్లు ఏవో కూడా అడగండి.