సవరణ: నాడి 15 సెకన్లు చూస్తే చాలదు
భార్యకో భర్తకో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) అని కొత్తగా తేలినవాళ్ల కోసం రాసినప్పుడు, నాడి 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయమన్నాం. అది తప్పు. లయ తప్పిన గుండె ఒక పావు నిమిషం పరుగెత్తి, తర్వాతి పావులో నెమ్మదించవచ్చు. హెచ్చవేస్తే ఆ తేడా నాలుగింతలవుతుంది. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, మణికట్టు మీద వాళ్ల బొటనవేలి వైపున మీ చూపుడు, మధ్య వేళ్లు ఆనించి పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. మీ బొటనవేలితో చూడొద్దు, దాని నాడే మీకు తగలొచ్చు. బలహీనమైన స్పందనలు మణికట్టు దాకా అందవు కాబట్టి గుండె అసలు వేగం ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం. నాడి కుదుటపడితే రక్తం పలచబరిచే మాత్ర మానొచ్చని కొందరు అర్థం చేసుకున్నారు. వద్దు. లయ సరిగ్గా ఉన్నట్టు అనిపించినా గడ్డకట్టే ముప్పు పోదు; డాక్టరు చెప్పందే ఒక్క పూట కూడా ఆపకండి.