లాక్రాస్ మొదలుపెట్టే బడికి ఇరుకు హెడ్ ఎందుకు?

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంటుందని హన్మకొండ జేఎన్ స్టేడియానికి పొద్దున్నే వచ్చే పిల్లల్లో ఎవరినడిగినా చెప్తారు. 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశం, జాలీ కట్టిన కర్రతో బంతిని పట్టి విసిరి గోల్ కొట్టే లాక్రాస్‌కూ పచ్చజెండా ఊపిన సంగతి మాత్రం చాలామంది చెవిన పడలేదు. ఒలింపిక్స్‌లో ఈ ఆటకు పతకాలిచ్చి 1908 నుంచి ఇప్పటిదాకా వందేళ్లు దాటింది. రేపు మన గురుకులంలో ఏ పీఈటీ సారో ఈ ఆట మొదలుపెడదామనుకుంటే మొదటి చిక్కు స్టిక్ దగ్గరే వస్తుంది. ఆ కర్ర చివర జాలీ బిగించే ప్లాస్టిక్ చట్రమే హెడ్. వీడియోల్లో పెద్ద ఆటగాళ్ల చేతుల్లో కనిపించే ఇరుకు హెడ్‌నే తెప్పిస్తే పిల్లలు మొదటి నెలలోనే విసిగిపోతారు.

హెడ్ పైన వెడల్పుగా ఉండి, కర్రకు తగిలే చోటికి వచ్చేసరికి సన్నబడుతుంది. ఆ సన్నదనం ఎంత పెరిగితే బంతి అంత కదలకుండా కూర్చుంటుంది. పరుగులో ప్రత్యర్థి కర్రతో కొట్టినా ఊడిపడదు, విసిరినప్పుడు ప్రతిసారీ ఒకే దారిన పోతుంది. తయారీదారులు దీన్ని ఎంత దూరం లాగారంటే, బంతిని రాలగొట్టడమే గగనమైంది. చివరికి అమెరికా కాలేజీ ఆటలో 2010 నుంచి కనీస వెడల్పు పెంచక తప్పలేదు. క్రికెట్‌లో బ్యాట్ అంచు 40 మిల్లీమీటర్లు దాటకూడదని 2017లో గీత గీసింది కూడా ఇలాంటి అవసరంతోనే.

ఇరుకు హెడ్‌తో వచ్చే నష్టం క్యాచ్ దగ్గర తెలుస్తుంది, బంతి పడే చోటు తగ్గిపోతుంది. బంతిని అందుకోవడమే రానివాడికి, దాన్ని దాచుకునే సౌకర్యం ఎందుకు?

పైగా ఒలింపిక్స్‌లో ఆడేది ఆరుగురి ఆట, సిక్సెస్. డిఫెండర్ల పొడవు కర్రలు ఇందులో లేవు. ఫేసాఫ్, అంటే నేలమీది బంతి కోసం ఇద్దరు ఎదురెదురుగా పోటీపడటం, క్వార్టర్ మొదట్లోనే ఉంటుంది, గోల్ పడ్డాక గోల్‌కీపరే ఆట మొదలుపెడతాడు. కాబట్టి ఫేసాఫ్ కోసం మెత్తగా వంగేలా చేసిన హెడ్‌లకు డబ్బు తగలేయనక్కర్లేదు. నైలాన్ ఎండకు మెత్తబడుతుంది. మన మే నెల ఎండలో, మొరం గ్రౌండులో కింద పడ్డ బంతిని ఎత్తడానికి గట్టి హెడ్ కావాలి, దాని ముందంచు నేలకు వాలుగా ఉండాలి. అంచు నిటారుగా ఉంటే బంతి కిందికి దూరకుండా దాన్ని ముందుకు తన్నేస్తుంది.

ఇంత చెప్పినా, నా లెక్కలో ప్లాస్టిక్ కంటే పాకెట్‌దే, అంటే బంతి కూర్చునే జాలీ సంచిదే, పెద్ద పాత్ర. ఒకే హెడ్‌కు జాలీ రెండు రకాలుగా కడితే రెండు వేర్వేరు స్టిక్‌లు పట్టుకున్నట్టే. లోతు కిందివైపు ఉంటే బంతి పట్టు బాగుంటుంది, కానీ ఆలస్యంగా వదులుతుంది. పైవైపు ఉంటే చప్పున పోతుంది. అడ్డంగా కట్టే షూటింగ్ తాళ్లు మరీ బిగిస్తే బంతి వాటికి తట్టుకుని, పాస్ అందుకోవాల్సినవాడి కాళ్ల ముందు పడుతుంది. 30 సెకన్లలో షాట్ కొట్టాల్సిన ఆటలో ఆలస్యమూ నష్టమే, ఇదీ నష్టమే.

పురుషుల స్టిక్ లోతు చూడటానికి పరికరమేదీ అక్కర్లేదు. హెడ్‌ను కంటి ఎత్తున అడ్డంగా పట్టుకుని బంతి వేయండి. బంతి పైభాగానికీ పక్కగోడ కింది అంచుకూ మధ్య సందు కనిపిస్తే అది నిబంధనకు విరుద్ధం. మహిళల స్టిక్‌కు లోతు ఇంకా తక్కువ. మెత్తని మెష్ (జాలీ) వానకు తడిస్తే సాగుతుంది గనక, పొద్దున సరిగ్గా ఉన్న పాకెట్ సాయంత్రానికి తప్పు కావచ్చు. ఆ తాళ్లు విప్పి మళ్లీ కట్టడం పిల్లలకు నేర్పాల్సిందే. పాకాల, రామప్ప చెరువుల దగ్గర వలలు అల్లే ఇళ్ల పిల్లలకైతే అది చిటికెలో పని.

కాబట్టి బడి కొనాల్సింది వెడల్పైన గట్టి హెడ్‌లు, వాటితో పాటు అదనంగా మెష్, తాళ్లు. ఎడమచేత్తో కూడా క్యాచ్ పట్టడం వచ్చినవాళ్లకు ఆ తర్వాత ఇరుకు హెడ్ ఇవ్వవచ్చు.