ఆకు బొమ్మ బస్సు సైలెన్సర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సిటీ బస్సు సైలెన్సర్ గారికి,

రోజూ మీ వెనకే బండి మీద వచ్చేవాడు నమస్కరించి రాయునది. చేతులు రెండూ హ్యాండిల్ మీద ఉన్నాయి కాబట్టి నమస్కారం మనసులోనే. ముక్కు మూసుకోవడానికే చెయ్యి ఖాళీ లేదు.

మీ బస్సు వెనక పెద్ద ఆకు బొమ్మ, దాని కింద 'ఇది బయోడీజిల్ బస్సు' అన్న అక్షరాలు చూసి సంతోషించేలోపే సిగ్నల్ పడింది. డ్రైవర్ గారు యాక్సిలరేటర్ తొక్కారు, మీరు గట్టిగా ఒక దగ్గు దగ్గారు. మమ్మల్ని పొమ్మనలేక పొగబెడుతున్నారేమో అనుకున్నాను. ఆ పొగ విడిపోయాక చూస్తే, మీకు దగ్గరగా ఉన్న ఆకు కొస మసిబారి ఉంది. మిగతా ఆకు పచ్చగానే ఉంది లెండి. పెయింటు మంచిది.

విచారిస్తే, మీ బస్సు తాగేది బీ20 అని తెలిసింది. నూటికి 20 పాళ్ళు బయోడీజిల్, మిగతా 80 పాళ్ళు మామూలు డీజిలే. ఆకును మాత్రం నూటికి నూరు పాళ్ళూ వేయించారు. ఐదో వంతు ఆకు గీసి, మిగతాదంతా నల్ల రంగు కొట్టి ఉంటే లెక్క సరిపోయేది. డీజిల్ పొగ కేన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది మరి.

అలాగని మిమ్మల్ని పూర్తిగా తీసిపారెయ్యను. నూనెనో కొవ్వునో మిథనాల్‌తో కలిపి, గ్లిజరిన్ వేరుచేసి తయారుచేసే ఈ బయోడీజిల్‌ బరువులో సుమారు 11 శాతం ఆక్సిజనే. ఇంజన్‌లో గాలి సరిగా అందనిచోట అది అక్కరకొస్తుంది, మసి తగ్గుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2002లో అప్పటిదాకా జరిగిన పరీక్షలను కలిపి లెక్కగట్టింది. సోయా నూనెతో చేసిన బీ20 వాడితే మసి రేణువులు సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, కాలని హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గుతాయని తేలింది. శభాష్. అదే లెక్కలో నైట్రోజన్ ఆక్సైడ్లు 2 శాతం పెరిగాయి. ఎండ తగిలితే, నేల దగ్గర మన ఊపిరికి చెరుపు చేసే ఓజోన్ తయారీకి ముడిసరుకయ్యేవి ఇవే. ఆ వరస మీ ఆకు మీద ఎక్కడా కనబడలేదు, బహుశా కాడ వెనక రాసి ఉంటారు.

ఆ 2 శాతం మీదా గొడవ తెగలేదు. ఇంజన్‌ను విడిగా పరీక్షిస్తే పెరిగిందన్నారు. తర్వాత బస్సునే రోలర్ల మీద నడిపిస్తే కొన్నిట్లో తగ్గింది కూడా. బస్సుకో మాట, రూటుకో మాట చెప్పే తత్వం మీది.

కొత్త బస్సుల్లోని మీ తమ్ముళ్ళ కథ వేరు. డీపీఎఫ్ అనే ఫిల్టర్ మసిని పట్టేస్తుంది. యూరియా ద్రావణం చల్లే ఎస్‌సీఆర్ అనే పరికరం నైట్రోజన్ ఆక్సైడ్లను ఉత్త నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ఇవి సరిగా పనిచేస్తే, ట్యాంకులో ఏం పోశారన్నది మీ నోటిదాకా వచ్చేసరికి పెద్ద తేడా చూపదు. కష్టం ఫిల్టర్ది, పేరు ఆకుది. అత్త సొమ్ము అల్లుడి దానం. పైగా ఎస్‌సీఆర్ బాగా పనిచెయ్యాలంటే పొగ ఇంచుమించు 200 డిగ్రీలైనా వేడెక్కాలి. స్టాపు స్టాపుకీ ఆగుతూ, ట్రాఫిక్‌లో నత్తనడక నడిచే బస్సులో మీ ఒళ్ళు వేడెక్కేదెప్పుడు? వెనకున్న మాకు మాత్రం ఒళ్ళు మండుతోంది.

ఇంకో సంగతి. బయోడీజిల్‌కు పాత ట్యాంకు గోడలకు పట్టిన మడ్డిని కరిగించే గుణం ఉంది. కొత్తగా పోసినప్పుడు ఆ మడ్డంతా కదిలి వెళ్ళి ఇంధన ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. డిపోలో మెకానిక్ 'ముందు ఫిల్టర్ మార్చండి సార్' అని మొత్తుకుంటాడు. ఆ మాట ఎవరూ బస్సు వెనక రాయించరు. ఫిల్టర్ బొమ్మ అందంగా ఉండదు కదా.

కార్బన్ డయాక్సైడ్ ఊసెత్తితే మీరు వెంటనే పొలం వైపు చూపిస్తారు. మీ నోట్లోంచి వచ్చేది దాదాపు మామూలు డీజిల్ బస్సుకు వచ్చినంతే. కాకపోతే మొక్క పెరిగేటప్పుడు గాలిలోంచి పీల్చుకున్నదాన్ని ఆ లెక్కలోంచి తీసేస్తారు. వాడేసిన వంటనూనెతో చేసిన బయోడీజిల్ అయితే ఆ మినహాయింపుకు నేనూ సంతకం పెడతాను. అడవి నరికి వేసిన తోటలోంచి వచ్చిన పామాయిల్ అయితే మాత్రం ఆ ఆకు ఏ చెట్టుదో, ఆ చెట్టు కోసం ఎన్ని చెట్లు కూలాయో కూడా చెప్పాల్సి ఉంటుంది.

అందుకని నా విన్నపం ఇది. ఆకు బొమ్మ ఉండనివ్వండి. దాని పక్కనే నూనె ఎక్కడిదో, ఫిల్టర్ ఆఖరుసారి ఎప్పుడు శుభ్రం చేశారో, కిందటి పొగ పరీక్షలో ఎంత వచ్చిందో రాయించండి. సిగ్నల్ దగ్గర మాకు చదవడానికి కావలసినంత తీరిక.

జవాబు పొగ రూపంలో పంపనక్కర్లేదు, అది రోజూ అందుతూనే ఉంది.

ఇట్లు,
మీ వెనక బండివాడు