సముద్రమే ముద్దాయి

తీరంలో ఎక్కడ నీళ్లొచ్చినా పెద్దలది ఒకటే మాట: "సముద్రం పెరిగిందండీ, మేమేం చేస్తాం?" వినీ వినీ నాకు సముద్రం మీదే జాలి పుట్టింది. వకీలు లేని ముద్దాయి. ఘోషిస్తుంది తప్ప జవాబు చెప్పుకోలేదు.

దాని మీద సాక్ష్యం రేవు గోడకు బిగించిన టైడ్ గేజ్‌ది, అంటే సముద్రమట్టం కొలిచే పరికరానిది. గోడ కుంగితే గేజూ కుంగుతుంది. కుంగినంత మేరా నీరే పైకొచ్చిందని అమాయకంగా రాసేస్తుంది.

అందుకే దాని పక్కన ఒక జీపీఎస్ స్టేషన్ ఉండాలంటారు శాస్త్రజ్ఞులు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలు పట్టి, నేల ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు లేచిందో, ఎన్ని దిగిందో అది లెక్క తేలుస్తుంది. (ఫోను మనల్ని పక్కవీధిలో చూపిస్తుంది కదా అని నవ్వకండి. ఆ కుర్రాడు వేరు, కాంక్రీటు దిమ్మె మీద ఏళ్ల తరబడి కూర్చున్న ఈ తపస్వి వేరు.) 2011 భూకంపంలో జపాన్‌లోని ఓషికా స్టేషన్ 5 మీటర్లకు పైగా పక్కకు జరిగి, మీటరుకు పైగా కుంగి, ఆ సంగతీ తానే చెప్పింది.

ఈ తపస్వి బోనెక్కితే?

"సముద్రం లేచిందా?"

"లేచిందండి. ప్రపంచ సగటున ఏడాదికి 4 మిల్లీమీటర్ల దరిదాపు."

పెద్దాయన చంకలు గుద్దుకుంటాడు.

"మరి నేల?"

"ఇండోనేషియాలోని జకార్తాలో ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైగా దిగిన చోట్లున్నాయి."

"అభ్యంతరం! ఇది పైవాళ్లు చెప్పించిన మాట!"

"అవునండి, 20 వేల కిలోమీటర్ల పైవాళ్లు."

ఇంతలో స్వీడన్ నుంచి స్టాక్‌హోం లేచి, మంచుయుగంలో తనను అణచిన మంచు బరువు దిగిపోయాక తన నేల ఇంకా లేస్తూనే ఉందనీ, తన ఒడ్డున సముద్రం తగ్గుతోందనీ అంటుంది. సంబంధం లేని సాక్షి, బయటికి పంపేశారు.

"నేల కింద నీళ్లు తోడిందెవరు?"

కేసు వాయిదా.

జకార్తా కుంగడానికి పెద్ద కారణం భూగర్భజలం తోడేయడమే. పెద్ద భవనాలు లోతుగా బోర్లు దించాయి. కుళాయి రాని పేదవాడూ బోరు కొట్టుకున్నాడు, ఇంకేం తాగుతాడు? 2019లో దేశ రాజధానిని జకార్తా నుంచి వేరే దీవికి మారుస్తామని ప్రకటించారు. రాజధానికి దీవి దొరికింది. మంచం కోళ్ల కింద ఇటుకలు పేర్చుకుని నీళ్లలో పడుకునేవాడికి ఏ దీవి దొరికింది? తోడిన చేతులు కళ్లముందే ఉన్నాయి, కుంగిన లెక్క కాగితం మీద ఉంది, అయినా కేసు సముద్రం మీదే! సిగ్గు లేదా?

ఇంతకీ పెద్దాయన వాయిదాకి ముందు ఒక కోరిక కోరారు: ఆ స్టేషన్‌ని కాస్త గట్టి నేల ఉన్న చోటికి మార్పించాలట.